గంట ఆపినదెవరు

లాంచీ వచ్చేలోగా తెప్పవాడలో చేయవలసిన పనులు చాలా ఉన్నాయి. తెగిపోయిన తూర్పు లంగరు తాడు కొసలు పైకి లాగి ఆరబెట్టాలి. ఎండిన నాచును మోపులు కట్టి రేవు పలకల మీదికి చేర్చాలి. మంచినీటి యంత్రంలో వడపోత గుడ్డలు మార్చాలి. చనిపోయిన సుందరం గది ఖాళీ చేసి, అతని బట్టలూ, రేడియో, సగం అల్లిన వల, ఒంటి మీద దొరికిన తాడు మూటకట్టి ఒడ్డున ఉన్న అతని అక్కకు పంపాలి. ఊరి గంట సరిగా మోగుతోందో లేదో ఇంకోసారి చూడాలి. వీటన్నిటికంటే ముందు, ఆ రోజు గంట ఆపింది ఎవరో తేల్చాలి. తేలిన మనిషిని అదే లాంచీ ఎక్కించి పంపెయ్యాలి.

ఈ చివరి పని కొల్లాటి హైమ మీద పడింది.

తెప్పవాడ నేల మీద ఉన్న ఊరు కాదు. ఇరవై రెండో శతాబ్దం మొదట్లో సముద్రం ముందుకు జరిగి గోదావరి దిగువన ఉన్న పల్లెలను ముంచేశాక, అక్కడి కుటుంబాలు కొన్ని ఒడ్డుకు దూరంగా తెప్పలు కలిపి కట్టుకున్న ఊరు. తెప్పల కింద తాళ్ళకు నాచు పెంచుతారు. తిండి, ఎరువు, మందులు అన్నీ దానితోనే. ఊరు కొట్టుకుపోకుండా లావాటి లంగరు తాళ్ళు పట్టి ఉంచుతాయి. ఏ తాడు మీదైనా లాగుడు ఎక్కువైతే సెన్సర్లు పసిగడతాయి. వెంటనే ప్రతి ఇంట్లోనూ గంట మోగుతుంది.

గంట పక్కనే ఒక బొత్తాం ఉంటుంది. దాని మీద ‘నేను చూస్తాను’ అని రాసి ఉంటుంది. ఎవరు నొక్కినా ఊరంతటా గంట ఆగిపోతుంది. నొక్కిన మనిషి వెళ్ళి తాడు చూసి రావాలి. అదీ కట్టుబాటు. నొక్కింది ఎవరో ఎక్కడా నమోదు కాదు. పేరు బయటపడుతుందంటే భయపడి ఎవరూ నొక్కరని ఊరు కట్టిన పెద్దలు అలా ఏర్పాటు చేశారు. కానీ ఆ గంట మరీ సున్నితమైనది. పెద్ద చేప ఒళ్ళు రాసుకుపోయినా మోగేది. అది మోగడమూ ఆగడమూ కాకి అరుపులా రోజువారీ చప్పుళ్ళలో కలిసిపోయింది.

ప్రమాదం జరిగిన మధ్యాహ్నం కూడా గంట మోగింది, అంతలోనే ఆగింది. తాడు చూడడానికి ఎవరూ వెళ్ళినట్టు లేదు. కాసేపటికి తూర్పు తాడు తెగి, చివరి తెప్ప ఊడిపోయింది. దాని మీద రేవు సుందరం ఉన్నాడు. తర్వాత శవం దొరికినప్పుడు అతని నడుముకి ఒక తాడు చుట్టుకుని ఉంది. తాడులో చిక్కుకుని ఈదలేకపోయాడని అందరూ అనుకున్నారు.

అసలు ఆ వేళప్పుడు అక్కడ అతనికేం పని అని ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. సుందరం అంతే. వంటశాలలో నలుగురితో కలిసి కూర్చున్నప్పుడు గంట మోగితే, చేతికందే దూరంలో బొత్తాం ఉన్నా నొక్కేవాడు కాదు. కంచం వదిలేసి బయటికి పోయేవాడు. ‘గంట చప్పుడు పడక పారిపోతున్నాడు’ అని జనం నవ్వేవాళ్ళు. ఊరి ప్రెసిడెంటు బలుసు పురుషోత్తం చాలాసార్లు మందలించాడు. “ఒక్కసారన్నా నొక్కవేంరా? ఊరి బాధ్యత నీకు పట్టదా?” అంటే, సుందరం తల గోక్కుని ఊరుకునేవాడు.

ఇప్పుడు ఊరి అనుమానమంతా దారా మరియదాసు మీద ఉంది. లంగరు తాళ్ళ బాగోగులు చూసేది అతనే. తూర్పు తాడు ముడి వదులుగా ఉందని నెల కిందట సుందరం అందరి ముందూ అన్నాడు. మరియదాసుకి కోపం వచ్చింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఇంతకంటే కారణం ఏం కావాలి?

కారణం ఉంటే చాలదని, రుజువు కావాలని హైమ అంది. రుజువు తీయగలిగిన యంత్రం ఆ ఊళ్ళో ఉంది. దాని పేరు లోచూపు.

లోచూపు తయారుచేసిన బృందంలో హైమ చిన్నది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి కూడా ఆమే. మనిషి తన నడవడిని తాను పరిశీలించుకోవడానికి పుట్టిన యంత్రం అది. చెవి వెనక గింజంత పరికరం అతికించుకుంటే చాలు. రోజంతా ఆ మనిషి మాట, చేతుల కదలిక, నాడి, చూపు ఎటు వెళ్ళిందీ అన్నీ అది గ్రహిస్తుంది. సాయంత్రం భోజనానికి ముందు ప్రతివాళ్ళూ ఒంటరిగా తెర ముందు కూర్చోవాలి. ఆ రోజు తాము ప్రవర్తించిన తీరులో ఒక ముక్క తెర మీద కనిపిస్తుంది.

మొదట్లో ఎవరి ముఖం వాళ్ళకే చూపించేవారు. అది పనిచెయ్యలేదు. తనను చూడగానే మనిషి వకీలు అయిపోయేవాడు. “నేనలా అన్నది వేరే ఉద్దేశంతో” అని యంత్రంతో వాదించేవాడు. అప్పుడు హైమకు ఒక ఆలోచన వచ్చింది. ముఖం, వయసు, ఇల్లు అన్నీ మార్చి, నడవడి మాత్రం అలాగే ఉంచి చూపిస్తే? దానికి ‘ఛాయ’ అని పేరు పెట్టింది. ఎవరో పరాయి మనిషి అనుకుని చూసేవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు: వీడు స్వార్థపరుడు, ఈవిడకు ఓర్పు లేదు. తీర్పు చెప్పేశాక యంత్రం నెమ్మదిగా అనేది: “ఇది మీరే.”

ఛాయ వల్ల కొంతకాలం ఊళ్ళో పోట్లాటలు నిజంగానే తగ్గాయి. తర్వాత జనం తెలివిమీరారు. తెర మీద కనిపించేది ఎలాగూ తామేనని తెలుసు కాబట్టి ఆ పరాయి మనిషి మీద జాలి చూపించడం మొదలుపెట్టారు. “పాపం, వాడి ఇబ్బందులు వాడివి” అనేవాళ్ళు. ఈ సంగతి హైమకు తెలుసు. కానీ తన బృందం పైఅధికారులకు పంపే నివేదికలో ‘ప్రజల్లో సానుభూతి పెరిగింది’ అని రాసింది.

లోచూపుకి ఒకటే నియమం. ఒకరి నడవడిని ఇంకొకరికి చూపించదు. ఇప్పుడు ఆ నియమాన్ని ఈ ఒక్కసారికి పక్కన పెట్టమని ఊరి కమిటీ తీర్మానం చేసింది. ‘తూర్పు తాడు గంట మోగినప్పుడు బొత్తాం నొక్కిన మనిషిని ఛాయలో చూపించు’ అని హైమ యంత్రానికి ఆజ్ఞ ఇచ్చింది. కమిటీలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూడాలి, అనుమానితుడు కాబట్టి మరియదాసుకీ చూపించాలి అని అనుకున్నారు.

ఆమె ఆ ఏర్పాట్లలో ఉండగా వంటశాల పెద్ద సంగాడి నూకరత్నం తలుపు దగ్గర నిలబడింది. ఆమె కూడా కమిటీ సభ్యురాలే.

“పిల్లా, అన్నం చల్లారిపోతంది. వత్తావా, రావా?”

“ఇదిగో పిన్నీ, అయిపోయింది,” అంది హైమ తల ఎత్తకుండా.

“నీ ఇదిగోకి ఓ దణ్ణం తల్లీ. నిన్న పొద్దుటి ఇదిగో ఇంకా ఒడ్డుకే రాలేదు.”

హైమ నవ్వింది గాని లేవలేదు. నూకరత్నం వెళ్ళిపోయాక తెర ముందు తానే మొదట కూర్చుంది.

తెర మీద ఒక మధ్యవయసు మగవాడు. చెక్కబల్ల మీద వంగి ఏదో బొమ్మ గీస్తున్నాడు. పక్కన ఉయ్యాల ఉంది. అందులోంచి బిడ్డ ఏడుపు వినిపించింది. గంటకు ఛాయ ఆ ఏడుపు అన్నమాట. అతను తల తిప్పలేదు. ఎడమచేత్తో ఉయ్యాల తాడు ఒక్కసారి లాగి “ఇదిగో, అయిపోయింది” అన్నాడు. ఏడుపు ఆగింది. అతను గీస్తూనే ఉన్నాడు. బిడ్డ ఎందుకు ఏడ్చిందో చూడలేదు. అసలు ఉయ్యాలలో బిడ్డ ఉందో లేదో కూడా చూడలేదు.

“మీ అభిప్రాయం చెప్పండి,” అంది యంత్రం.

“బాధ్యత లేని మనిషి. నోటితో చేసేసి, చేత్తో చెయ్యని రకం,” అంది హైమ.

“ఎవరనుకుంటున్నారు?”

హైమకు వెంటనే తట్టింది. తాడు ముడి గురించి అడిగినప్పుడల్లా మరియదాసు “ఇదిగో, రేపు బిగించేస్తా” అనేవాడు. అదే మాట, అదే తల ఎత్తకపోవడం.

“దారా మరియదాసు,” అంది.

“ఖచ్చితంగానా?”

“ఖచ్చితంగా.”

యంత్రం ఇంకేమీ అనలేదు.

తర్వాత పురుషోత్తం చూసి బయటికొచ్చాడు. హైమను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. “అమ్మా, నేను అన్నానని అనకు. అది మన నూకరత్నమే. ఆవిడికి నోరు మూతపడదు కదా. మాట్లాడతా మాట్లాడతా ఉయ్యాల తాడు లాగేసింది.” నూకరత్నం చూసి ఇంకో రకంగా చెప్పింది. “ఇంకెవరు? ప్రెసిడెంటే. ఎవరన్నా పిలిత్తే ఎవడో ఒకడు పోతాళ్ళే అన్నట్టు కూచోడం ఆయనకి పుట్టుకతో వచ్చింది.” మిగతా సభ్యులు చెప్పిన పేర్లలో ఏ రెండూ కలవలేదు. కానీ ఒక్కరికీ సందేహం లేదు.

ఆ సాయంత్రం నుంచి తెప్పవాడ మారిపోయింది. మంచినీళ్ళ దగ్గర మాటలు ఆగిపోయాయి. ఎవరు వస్తే వాళ్ళ చేతుల వైపు చూడడం మొదలైంది. నూకరత్నం వడ్డించిన కూర ప్రెసిడెంటు ముట్టుకోలేదు.

మరునాడు చివరగా మరియదాసు చూశాడు. చాలాసేపు లోపలే ఉండిపోయాడు. బయటికొచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“అది నేనేనండి,” అన్నాడు. “నేనే నొక్కాను. నొక్కినట్టు గుర్తుకూడా లేదు. కానీ ఆ మనిషిని నేను ఎరుగుదును. నేనే.”

పురుషోత్తం గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “చూశారా, నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా!”

“నేనూ అదే అన్నాను కదా,” అంది నూకరత్నం.

ఎవరూ అవతలివాళ్ళ మాటకు అడ్డు చెప్పలేదు. నీళ్ళ దగ్గర మళ్ళీ మాటలు మొదలయ్యాయి. లాంచీ రాగానే మరియదాసును ఒడ్డుకు పంపెయ్యాలని తీర్మానం అయింది. ఒకసారి అలా పంపినవాళ్ళకు ఏ తేలే ఊళ్ళోనూ చోటు దొరకదు. ఒడ్డున అతనికి సొంతవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి అందరికీ తెలుసు.

తన అంచనా నిజమైనందుకు హైమ సంతోషించాలి. కానీ భోజనం దగ్గర నూకరత్నం అన్న ఒక మాట ఆమెను కూర్చోనివ్వలేదు.

“ఏదేమైనా పిల్లా, ఆ పాకం గరిటె తిప్పడం చూశాక నాకు ఒళ్ళు మండిపోయిందంటే నమ్ము. పిల్ల అంతలా ఏడుత్తుంటే పాకం ముఖ్యమా?”

“పాకమేంటి పిన్నీ? బొమ్మ కదా గీస్తున్నాడు?”

“బొమ్మేంటి? పొయ్యి ముందు కూచుని బెల్లం పాకం కలుపుతున్నాడు. నీకు కళ్ళు పోయాయా, నాకు పోయాయా?”

హైమ కంచం వదిలేసి లేచింది. తెర ముందు కూర్చుని, ఈసారి తానే ప్రశ్నలు వేసింది.

“అందరికీ ఒకే దృశ్యం చూపించలేదా?”

“లేదు.”

“నియమం సడలిస్తూ ఆజ్ఞ ఇచ్చాను. అది నీకు చేరలేదా?”

“చేరింది. దాని అవసరం పడలేదు. బొత్తాం నొక్కిన మనిషిని చూపించమన్నారు. అడిగినవాళ్ళకు చూపించాను.”

హైమ తెర దగ్గరికి వంగింది. “అంటే ఎవరిది వాళ్ళకే చూపించావా?”

“నా నియమం అదే కదా.”

“మరి చివర్లో ‘ఇది మీరే’ అనలేదేం?”

“అది ఎవరిది వాళ్ళు చూసుకునే రోజువారీ పరిశీలనలో అనే మాట. ఈసారి మీరు అలా అడగలేదు.”

“ఆ రోజు బొత్తాం ఎంతమంది నొక్కారు?”

“పేర్లు చెప్పకూడదు. సంఖ్య చెప్పవచ్చు. గంట విన్నవాళ్ళలో ఒక్కరు తప్ప అందరూ నొక్కారు. మొదటి నొక్కుడుకే గంట ఆగింది. ఆ లోపు మిగతా చేతులు కూడా చేరాయి.”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

“ఎవరు అని అడిగారు. ఎంతమంది అని ఎవరూ అడగలేదు.”

ఆమె తన దృశ్యాన్ని ఛాయ లేకుండా వేయమంది. ఆమె పనిగదే. ఆమె వీపే. బల్ల మీద లోచూపు కొత్త నమూనా గీతలు. గంట మోగింది. ఎడమచెయ్యి దానంతట అదే వెళ్ళి బొత్తాన్ని తట్టింది. “ఇదిగో, అయిపోయింది” అన్న గొంతు తనదే. ఎంత వెతుక్కున్నా ఆ క్షణం ఆమె జ్ఞాపకంలో లేదు. చేతికి అలవాటైన పని మనసు దాకా వెళ్ళనే లేదు.

చాలాసేపటికి ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. నొక్కని ఆ ఒక్కరూ ఎవరు? యంత్రం చెప్పదు. చెప్పక్కర్లేదు. గంట మోగితే బొత్తాం ముట్టుకోకుండా లేచి బయటికి పోయే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే. చప్పుడు పడక పారిపోతున్నాడని అందరూ నవ్విన మనిషి. అతని నడుముకి చుట్టుకున్న తాడు చిక్కు కాదు. తెగబోతున్న లంగరు తాడును పట్టి ఆపడానికి అతను తనకు తాను కట్టుకున్న కట్టు అది.

మర్నాడు లాంచీ రేవుకు చేరింది. మరియదాసు చిన్న మూటతో నిలబడ్డాడు. ఊరంతా పలకల మీద గుమిగూడింది. నాచు మోపుల లెక్క చూపించే పెద్ద తెర అక్కడే ఉంది. హైమ దాని మీద తన దృశ్యం వేసింది. ఛాయ లేదు, తన ముఖంతోనే. అందరూ చూశారు.

“నేనూ నొక్కాను,” అంది. “మీరూ నొక్కారు. సుందరం తప్ప మనమందరం నొక్కాం. మొన్న కమిటీవాళ్ళు తెర మీద తిట్టింది తమనే. నా మాట నమ్మకపోతే మీ దృశ్యాలు మీరే వేయించి చూసుకోండి. మీరు ఒప్పుకుంటే తప్ప యంత్రం వెయ్యదు.”

పురుషోత్తం తెర వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు. అతని ముఖంలో నెమ్మదిగా ఏదో తేటపడింది.

“ఓహో,” అన్నాడు. “అదన్నమాట సంగతి. దర్యాప్తు చేసింది నువ్వు, నొక్కిందీ నువ్వే. ఇన్నాళ్ళూ మా మీద అనుమానం తిప్పావు.”

“నేను తిప్పడం కాదండీ, యంత్రమే చెప్పింది. ఒక్కరు తప్ప అందరూ...”

“యంత్రం ఎవరు చేశారు? నువ్వే కదా. నువ్వేం చెప్పమంటే అది చెప్తుంది.”

జనంలోంచి ఎవరో అన్నారు: “నాకు ముందే అనుమానం. ఎప్పుడు పిలిచినా ఇదిగో అంటుంది, రాదు.”

హైమ నూకరత్నం వైపు తిరిగింది. “పిన్నీ, నీ పాకం దృశ్యం ఒక్కసారి వేయించు. ఒక్కసారి.”

నూకరత్నం చేతులు కొంగులో దాచుకుంది. “నాకెందుకమ్మా ఈ గొడవలు. పొయ్యి మీద పప్పు ఉంది,” అని వెళ్ళిపోయింది.

అప్పుడు మరియదాసు మూట కింద పెట్టి తెర దగ్గరికొచ్చాడు. “నాది వెయ్యండి హైమమ్మగారూ. నేను ఒప్పుకుంటన్నాను.” తెర మీద అతని ఇల్లు, అతని ముఖం వచ్చాయి. గొలుసుకి నూనె రాస్తూనే మోచేత్తో బొత్తాం నొక్కాడు. “ఎవరో పోతారు కదా” అని గొణుక్కున్నాడు.

హైమ జనం ముఖాల్లోకి చూసింది. ఇప్పుడైనా వీళ్ళకు తెలుస్తుందనుకుంది. పురుషోత్తం చేతులు కట్టుకున్నాడు.

“ఒకరు కాదన్నమాట. ఇద్దరూ కలిసే చేశారు,” అన్నాడు.

ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ చప్పుడు హైమకు వినిపించింది.

లాంచీ బయలుదేరింది. వెనక పలక మీద హైమ, మరియదాసు, సుందరం సామాను మూట. తెప్పవాడ కొంచెం కొంచెంగా చిన్నదవుతోంది.

“నీకు ఆ దృశ్యంలో నువ్వేనని ఎలా తెలిసింది బాబాయ్?” అని అడిగింది హైమ. “ముఖం లేదు, ఇల్లు లేదు. మాకెవరికీ తెలియలేదు.”

మరియదాసు నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. “సుందరం పోయినకాడ్నించీ నన్ను నేనే వెతుక్కుంటన్నానమ్మా. వాడు ముడి వదులన్నప్పుడు నాకు కోపం వచ్చింది గాని, నిజంగా వదులే. రోజూ ఆ మాటే నలుగుతుంటే, ఏ ముఖం చూపించినా నాదే కనపడుతుంది కదా.”

అప్పుడు గంట వినిపించింది. అన్ని ఇళ్ళలో ఒకేసారి మోగితే ఆ చప్పుడు నీళ్ళ మీద చాలా దూరం వస్తుంది. మోగింది, అంతలోనే ఆగింది.

మరియదాసు లేచి నిలబడ్డాడు. “సరంగుగారూ, లాంచీ తిప్పండి.”

సరంగు చక్రం పట్టుకునే వెనక్కి చూశాడు. “ఆగిపోయింది కదండీ. ఎవరో చూసుకుంటన్నారు.”

“ఆగిపోయింది కాబట్టే తిప్పమంటున్నాను.”

సరంగు హైమ వైపు చూశాడు, చదువుకున్న మనిషి ఏమంటుందో అని. హైమ నోటిదాకా ‘నేను చూస్తాను’ అన్న మాట వచ్చింది. అది అనకుండా, సుందరం మూట విప్పి అందులో ఉన్న అతని తాడు తీసి నడుముకి బిగించుకుంది. లాంచీ తిరిగింది. వాళ్ళు తూర్పు వైపుకు చేరేసరికి, ఉప్పు గాలిలో ఒక లంగరు తాడు పోగులు పోగులుగా విడిపోతోంది. చుట్టుపక్కల పలకల మీద ఒక్క మనిషి లేడు.

వాళ్ళిద్దరూ ఆ తాడు పట్టి కట్టారు. ఊరు నిలిచింది. ఆ సంగతి ఊరికి తెలిసిందో లేదో, తెలిస్తే ఏమందో ఇక్కడ చెప్పవలసిన పని లేదు. హైమ పేరు, మరియదాసు పేరు మీరు మరిచిపోయినా ఫర్వాలేదు. రేవు సుందరాన్ని మాత్రం గుర్తుంచుకోండి. తూర్పు తెప్ప మీద నాచు తాళ్ళు కట్టేవాడు, రేడియో వినేవాడు, ఏమన్నా అంటే తల గోక్కునేవాడు. చూస్తానని ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చూసినవాడు. మీ ఇంట్లో ఏ గంటైనా మోగి అంతలోనే ఆగితే, దయచేసి ఒక్కసారి అతన్ని తలచుకోండి.